ఒక పాటకు ఎన్ని తేదీలు?

వరంగల్‌లో తెల్లవారుజామున ఏదో ఒక గుడి మైకు నుంచి సుప్రభాతం వినిపిస్తూనే ఉంటుంది. అది ఏ కాలం నాటి సంగీతమని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ‘కౌసల్యా సుప్రజా రామ’ అనే మొదటి శ్లోకం వాల్మీకి రామాయణంలోది. ఆ తరువాతి శ్లోకాలు పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించినవి. మన చెవికి అలవాటైన తీరు 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన రికార్డుతో ఇంటింటికీ చేరింది. ఆ ఉదయం మైకులోంచి వచ్చేది మాత్రం, ఆ రికార్డును ఎవరో ఎప్పుడో ఎంపీ3గా మార్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన ఫైలు.

అంటే ఒకే పాటకు నాలుగు తేదీలు: మాట పుట్టినది, బాణీ పుట్టినది, గొంతు పలికినది, ఆ పలుకు ఒక రూపం నుంచి మరో రూపంలోకి మారినది. ‘ఎనిమిది వందల ఏళ్ల నాటి అపురూప గీతం’ అని వీడియోల మీద పెద్ద అక్షరాలతో రాసేవారు ఈ నాలుగింటిలో అన్నిటికంటే పాతదాన్ని ఎంచుకుని మిగిలిన మూడింటినీ దాచేస్తారు. అబద్ధమని అనలేం గానీ, నిజంలో పావు వంతే. ప్రాచీన సంగీతపు రికార్డుల గురించి వచ్చే వాదాల్లో చాలా భాగం ఈ తేదీలను కలగాపులగం చేయడం వల్లే వస్తాయి. వాటిని విడదీసి చూడటానికి వరంగల్ చుట్టుపక్కల దొరికినన్ని ఉదాహరణలు మరోచోట దొరకడం కష్టం.

పేరు మిగిలింది, పాట మిగలలేదు

పాలకుర్తి నుంచే మొదలుపెట్టవచ్చు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలంలో జనం పాడుకునే పాటలను వరుసగా పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. చదువుతుంటే నోరూరుతుంది. అయితే వాటిలో ఒక్కటి కూడా ఎలా పాడేవారో చెప్పగల ఆధారం లేదు. పేర్లు కాగితం మీద నిలిచాయి, బాణీలు గొంతులతో పాటే పోయాయి. గొబ్బి పాటలు ఇప్పటికీ పాడుతున్నారు కదా అంటే, నిజమే. కానీ ఇప్పటి గొబ్బి పాటకూ పదమూడో శతాబ్దపు గొబ్బి పదానికీ నడుమ ఎన్ని తరాలు ఎన్నిసార్లు బాణీ మార్చాయో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఓరుగల్లులోనే ఇంతకంటే బాధపెట్టే సంగతి ఒకటుంది. కాకతి గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రచించాడు. అది మనకు దక్కింది. ఆయనే గీతరత్నావళి, వాద్యరత్నావళి కూడా రాశాడని చెబుతారు. ఆ రెండూ దొరకలేదు. నాట్యం మీద పుస్తకం మిగిలి, పాట మీద, వాద్యం మీద రాసినవి మాయమవడం కేవలం కాకతాళీయమే కావచ్చు. ఫలితం మాత్రం చాలా పెద్దది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి రాళ్ల మీద నర్తకులు, మద్దెలగాళ్లు ఎంత స్పష్టంగా ఉన్నారంటే, ఏ చేయి ఎక్కడ పడుతోందో చూసి చెప్పవచ్చు. ఏ దరువు మోగుతోందో మాత్రం చెప్పలేం. అక్కడి ఒక శిల్పాన్ని తట్టితే సరిగమలు పలుకుతాయని గైడులు చెబుతుంటారు. రాయి స్వరం ఇవ్వగలదు, పాట ఇవ్వలేదు.

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ శిల్పాల నుంచి, జాయప గ్రంథం నుంచి పేరిణి నృత్యాన్ని 1980ల్లో మళ్లీ వేదిక ఎక్కించారు. గొప్ప పని. కానీ ఆ పేరిణికి మోగే మద్దెల జతుల్ని ఇరవయ్యో శతాబ్దంలో కూర్చుకున్నారు. పేరిణి వీడియో చూసి ‘కాకతీయుల కాలపు సంగీతం’ అని మురిసిపోయేవారు కనీసం ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. పునర్నిర్మాణం అని ఒప్పుకుంటే దాని విలువ తగ్గదు. మరుగునపెడితేనే తగ్గుతుంది.

అన్నమాచార్య కీర్తనలదీ ఇదే కథ, ఇంకాస్త పెద్ద ఎత్తున. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరలిపి, అంటే స్వరాలను వరుసగా రాసిపెట్టిన రాత, లేదు. 1922లో తిరుమల సంకీర్తన భాండాగారం నుంచి ఆ రాగిరేకులు వెలుగు చూశాక, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివారు వాటికి స్వరాలు కూర్చారు. ఈ రోజు మనం వినే అన్నమయ్య పాటల్లో అత్యధికం పదిహేను, పదహారు శతాబ్దాల మాటలకు ఇరవయ్యో శతాబ్దపు బాణీలు. పైగా రేకు మీద ఉన్న రాగం పేరు ఇప్పటి అదే పేరుగల రాగమేనా అన్నది కూడా ప్రశ్నే. రాగాల స్వరూపం శతాబ్దాల్లో మారుతుంది, పేరు మారకపోయినా. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచినా ఇదే పద్ధతి కనిపిస్తుంది: పాట పైన రాగం, తాళం పేర్లు, కింద చరణాలు. మిగతాది సంఘం నోటిలో ఉంటుంది. అందుకే ఒకే కీర్తనను హనుమకొండలో ఒక తీరుగా, కోస్తాలో మరో తీరుగా పాడటం వింటాం.

మన దగ్గర స్వరలిపి అసలే లేదని దీనికి అర్థం కాదు. తమిళనాడులో కుడుమియాన్‌మలై కొండరాతి మీద ఏడో శతాబ్దపు స్వరాల శాసనం ఉంది. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే ఉంది. అందులో ప్రతి గమకానికీ గుర్తు పెట్టారు. స్వరాన్ని ఎలా ఊపాలో, ఎక్కడి నుంచి జారాలో కాగితం మీద పట్టాలన్న పట్టుదల అది. అప్పటికి రెండేళ్ల క్రితమే కలకత్తాలో ఒక గాయని సత్తుకొమ్ములాంటి పెద్ద గొట్టం ముందు నిలబడి పాడింది. ఆమె సంగతికి వస్తాను.

మంథని పద్ధతి, ఐనవోలు పద్ధతి

రాత లేకుండా శబ్దాన్ని మార్పు లేకుండా దాచే విద్య ఒకటి మనకు ఎప్పటి నుంచో ఉంది. గోదావరి ఒడ్డున మంథని, ధర్మపురి వేదాధ్యయనానికి పేరుపొందిన ఊళ్లు. వేదపాఠంలో మంత్రాన్ని ఉన్నదున్నట్లు చెప్పడంతో పని ముగియదు. క్రమపాఠంలో ఒకటో పదం రెండో పదం, రెండో పదం మూడో పదం అంటూ జంటలుగా సాగుతారు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు. ఘనపాఠం ఇంకా మెలికలు తిరుగుతుంది. ఒక అక్షరం జారినా, స్వరం తప్పినా తిరగేసి చెప్పేటప్పుడు దొరికిపోతుంది. ఇప్పటి కంప్యూటర్లు ఫైలు చెడిందో లేదో సరిచూసుకోవడానికి వాడే ఏర్పాటు కూడా ఇలాంటిదే. ఇక్కడ మాటకూ, స్వరానికీ ఉన్న తేదీల మధ్య దూరం తక్కువ. వేదపాఠాన్ని రికార్డు చేస్తే ఆ సంప్రదాయం ఏం కోరుతుందో దాదాపు అదే చేతికి వస్తుంది.

ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారుల దగ్గర పద్ధతి పూర్తిగా వేరు. సంక్రాంతి వేళ పసుపు, కుంకుమలతో పెద్దపట్నం అనే ముగ్గు వేస్తూ కథ నడిపిస్తారు. డోలు, తాళాలు, వంత పాడేవారి మాటలు, ఎదుట కూర్చున్నవారి ఊకొట్టుడు, అన్నీ కలిసే కథ. మల్లన్న కథైనా, బీరప్ప కథైనా, ఎల్లమ్మ కథైనా దాని ఎముకల గూడు మాత్రమే కంఠస్థం. కండ ఆ రాత్రి పుడుతుంది. వినేవారు కునికితే హాస్యం, కన్నీరు పెడితే రాగం ఇంకాస్త సాగదీత. సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్న జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య (1935–2017) ప్రదర్శన చూసినవారికి ఇది వివరించనవసరం లేదు. ఒకే కథ రెండు ఊళ్లలో రెండు కథలయ్యేది.

అలాంటి కథను రికార్డు చేస్తే ఏమవుతుంది? ఒక రాత్రి కథ అన్ని రాత్రుల కథగా మారుతుంది. క్యాసెట్టు విన్న తరువాతి తరం కళాకారుడు ఆ రాత్రి అక్కడి జనాన్ని చూసి పుట్టిన జోకును కూడా కథలో భాగమనుకుని నేర్చుకుంటాడు. కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీకీ ఇదే వర్తిస్తుంది. ఎదుటివాడు ఏ పంక్తికి కరిగిపోయాడో చూసి ఖవ్వాలు ఆ పంక్తినే పట్టుకుని తిప్పుతాడు. అది అయిదు నిమిషాలు కావచ్చు, అరగంట కావచ్చు. డిస్కు మీద ఆ పంక్తి రెండుసార్లు వచ్చి వెళ్లిపోతుంది.

కాబట్టి ‘రికార్డింగు సంప్రదాయాన్ని కాపాడింది’ అన్న మాటను నేను ఒక్కగుక్కలో ఒప్పుకోలేను. మంథని పద్ధతిని అది కాపాడుతుంది. ఐనవోలు పద్ధతిలో అది ఒక ప్రదర్శనను కాపాడి, ప్రదర్శన పుట్టే తీరును దెబ్బతీయగలదు.

వేయిస్తంభాల గుడి నాటి జర్మన్ పాటలు

యూరప్‌వారికి ఈ చిక్కు లేదని, వాళ్ల దగ్గర అంతా రాసిపెట్టి ఉందని మన సంగీతకారులు కొందరు అసూయగా అంటారు. కాస్త పరిశీలించాలి. హనుమకొండలో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించిన 1163లో, జర్మనీలో రైన్ నది ఒడ్డున హిల్డెగార్డ్ అనే సన్యాసిని దేవుడి మీద పాటలు కట్టి స్వరాలతో సహా రాయించుకుంటోంది. తొమ్మిదో శతాబ్దం నాటి అక్కడి గుర్తులు గొంతు పైకి పోవాలో కిందికి రావాలో మాత్రమే చెప్పేవి. పదకొండో శతాబ్దంలో గీడో అనే ఇటలీ సన్యాసి గీతల మీద స్వరాలను నిలిపే పద్ధతిని స్థిరపరిచాడు. అందువల్ల హిల్డెగార్డ్ పాటల్లో ఏ స్వరం తరువాత ఏ స్వరమో ఇప్పటికీ తెలుస్తుంది. బాణీ తేదీ విషయంలో వాళ్లది పైచేయి.

కానీ ఏ స్వరాన్ని ఎంతసేపు నిలపాలో ఆ రాతలో లేదు. ఏ శ్రుతిలో పాడాలో లేదు. వెనక తంబూరాలాంటి శ్రుతి ఉండాలా, ఒట్టి గొంతేనా అన్నది లేదు. అందుకే ఆమె పాటల రికార్డులు నాలుగు పక్కన పెట్టుకుని వింటే నాలుగు వేర్వేరు సంగీతాల్లా ఉంటాయి. కాలప్రమాణాన్ని అంకెలో చెప్పే మెట్రోనోమ్ యంత్రం 1815 తరువాత గానీ వాడుకలోకి రాలేదు. ‘ద’ స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర నిలపాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1939 నాటిది. అంతకుముందు ఊరికో శ్రుతి, చర్చికో శ్రుతి.

మోరెస్కీ అనే గాయకుడి ఉదంతం ఇక్కడ చెప్పాలి. గొంతు మారకుండా బాల్యంలోనే శస్త్రచికిత్స చేసి తయారుచేసిన గాయకులు ఇటలీలో కొన్ని వందల ఏళ్లు చర్చిలనూ, నాటకశాలలనూ ఏలారు. ఆ క్రూరమైన ఆచారం ముగిసిపోయే దశలో, 1902లోనూ 1904లోనూ, వారిలో చివరివాడైన మోరెస్కీ గొంతును రోములో రికార్డు చేశారు. ఒంటరిగా పాడిన ఆ జాతి గొంతు అంతకుమించి మిగలలేదు. వినేవారు ఆ గరగర డిస్కును పట్టుకుని ‘ఇంతేనా ఆ మహాగాయకుల గొప్ప?’ అని పెదవి విరుస్తారు. అది ఒక మనిషి, ఒక గది, ఒక గొట్టం. దానితో రెండు మూడు శతాబ్దాలకు తీర్పు చెప్పలేం.

మసి నుంచి లక్క దాకా

శబ్దాన్ని పట్టిన మొదటి యంత్రానికి దాన్ని తిరిగి వినిపించే ఉద్దేశమే లేదు. 1857లో పారిస్‌లో స్కాట్ అనే అచ్చుపనివాడు పేటెంటు తీసుకున్న యంత్రం, గాలి కంపనాలను మసి పట్టించిన కాగితం మీద గీతగా గీసేది. చూసి చదువుకోవడానికి మాత్రమే. 1860లో అతడు గీసిన ఒక ఫ్రెంచి జానపద గీతాన్ని 2008లో అమెరికాలో పరిశోధకులు కంప్యూటరుతో చదివి శబ్దంగా మార్చారు. మొదట అది అమ్మాయి గొంతనుకున్నారు. తరువాత వేగం రెండింతలు ఉందని తేలింది. సరైన వేగంలో వింటే మగ గొంతు, బహుశా స్కాట్‌దే. రికార్డు ఏ వేగంతో తిరుగుతోందో తెలియకపోతే పాడినది ఎవరో కూడా తెలియదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు.

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తంభం మీద మాటను పట్టి తిరిగి పలికించాడు. 1887లో బెర్లినర్ స్తంభాన్ని పళ్లెం చేశాడు. పళ్లెం వల్ల ఒక లాభం వచ్చింది: ఒక అచ్చు నుంచి వేల ప్రతులు ఒత్తవచ్చు. సంగీతం సరుకుగా మారింది అక్కడే. ఆ ప్రతులను ఒత్తడానికి వాడిన జిగురు పదార్థం మన లక్కే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు చేసే పెంకును శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి పళ్లేలు చేసేవారు. ప్రపంచానికి ఆ లక్కలో అధిక భాగం భారతదేశపు అడవుల నుంచే వెళ్లేది. న్యూయార్కులో తిరిగిన ఒపేరా డిస్కులో మన అడవి చెట్ల సరుకు ఉందన్నమాట.

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు మైకు లేదు. గొట్టం అంచున ముఖం పెట్టి బిగ్గరగా పాడాలి. ఆ గాలి ఒత్తిడే సూదిని కదిపి మైనం మీద గాడి తీస్తుంది. మెల్లని పలుకు పడదు. మద్దెల గుమికి గాడి చెదురుతుంది గనక తాళవాద్యాన్ని వెనక్కి నెట్టేవారు. ఉన్న వ్యవధి సుమారు మూడు నిమిషాలు. పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో ప్రకటిస్తుంది. అది దర్పం కాదు, అవసరం. ఆ మైనపు అచ్చులు జర్మనీలోని హనోవర్ వెళ్లి పళ్లేలుగా మారేవి; అక్కడి పనివాళ్లకు ఏ డిస్కు మీద ఎవరి పేరు అంటించాలో తెలియాలి కదా.

మూడు నిమిషాల్లో ఏం పడుతుంది? పల్లవి, అనుపల్లవి, ఒక చరణం. ఆలాపన ఆనవాలుగా మాత్రమే. భద్రాచల రామదాసు కీర్తనల్లా చరణాలు ఎక్కువ ఉన్నవి ముందే కుదించుకుపోయాయి. ఆ రోజుల్లో గాయకులు తొందరగా, పై శ్రుతిలో, బిగువుగా పాడేవారని పాత డిస్కులు విని తేల్చేవారున్నారు. గడియారానికీ గొట్టానికీ భయపడి అలా పాడారేమో అన్న అనుమానం ముందు తీర్చుకోవాలి. శ్రుతి విషయంలో ఇంకో చిక్కు. డెబ్బై ఎనిమిది చుట్ల డిస్కులు అని పేరే గానీ, తొలి దశలో డెబ్బై చిల్లర నుంచి ఎనభై దాకా రకరకాల వేగాలతో కోశారు. నిమిషానికి 74 చుట్లతో కోసిన డిస్కును 78తో తిప్పితే ఒకటి శ్రుతిలో పాడిన మనిషి ఇంచుమించు ఒకటిన్నర శ్రుతికి ఎక్కుతాడు, పాట వడి కూడా నూటికి అయిదు వంతులు పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో తిరిగే పాత డిస్కుల్లో వేగం సరిచూసి ఎక్కించినవి అరుదు. ఇది నాలుగో తేదీ చేసే మోసం.

1925లో మైకుతో విద్యుత్ రికార్డింగు వచ్చాక గొంతు చించుకోనవసరం లేకపోయింది. చెవిలో చెప్పినట్లు పాడే లలిత సంగీతం ఆ మైకు బిడ్డే. 1948లో వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు పక్కకు ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చింది. రాగానికి ఊపిరి ఆడింది.

క్యాసెట్టు చేసిన మేలు

ఉత్తర తెలంగాణ పాటకు నిజమైన మలుపు మాత్రం 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు. అది మన ఊళ్లకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. డిస్కు అచ్చు వేయాలంటే కర్మాగారం కావాలి, దాని యజమానికి మన పాట నచ్చాలి. క్యాసెట్టుకు రెండు టేప్‌రికార్డర్లు చాలు. ఒగ్గు కథ, శారద కథ, బతుకమ్మ పాటలు, సమ్మక్క-సారలమ్మ పాటలు, ఊరూరా తిరిగిన విప్లవ గీతాలు, ఆ తరువాత ఉద్యమంలో ధూం-ధాం పాటలు, ఇవన్నీ ఏ పెద్ద కంపెనీ దయ లేకుండా బతికాయి. ఒక క్యాసెట్టు గంట లేదా గంటన్నర. ఎల్లమ్మ కథ భాగాలుగా వచ్చేది. కత్తిరింపు ఉంది గానీ మూడు నిమిషాలంత కర్కశం కాదు.

సినిమా మళ్లీ మూడు నిమిషాల దగ్గరికే తెచ్చింది, అయినా ఒక్కోసారి ఎంత బలంగా! 2023లో వచ్చిన బలగం చివర దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట విని థియేటర్లలో జనం ఏడ్చారు. చావింట గంటల తరబడి సాగే గానం అక్కడ కొన్ని నిమిషాలకు ఒదిగింది. ఆ పాట విన్నవారిలో కొందరైనా అసలు రూపాన్ని వెతుక్కుంటూ వెళ్లారా అంటే సందేహమే.

కొత్త పాటలకూ తేదీల తికమక తప్పదు. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమ సభల్లో సంవత్సరాల పాటు ఒక తీరుగా వినిపించింది. 2024 జూన్‌లో రాష్ట్ర గీతంగా వెలువడినప్పుడు కీరవాణి స్వరకల్పన, అధికారిక కార్యక్రమాల కోసం రెండున్నర నిమిషాల పొట్టి రూపం. ఇంకో వందేళ్ల తరువాత ఎవరైనా ఆ గీతం రికార్డు విని ‘తెలంగాణ ఉద్యమంలో ఇలా పాడేవారు’ అంటే పొరబడ్డట్టే. మన కళ్ల ముందే జరిగింది కాబట్టి మనకు తెలుసు. అన్నమయ్య విషయంలో చూసినవారు లేరు, అంతే తేడా.

చేతిలో ఫోను, ఎదురుగా డప్పు

ఇప్పుడు ప్రతివారి చేతిలోనూ రికార్డింగు యంత్రం ఉంది. బతుకమ్మ నాడు వేల వీడియోలు పుడతాయి. వాటిలో పాటగా పనికొచ్చేవి చాలా తక్కువ, కారణం ఫోను చవకదై కాదు. ఫోను మైకు మాట కోసం తయారైంది. చుట్టూ నిలకడగా వచ్చే శబ్దాన్ని రొద అనుకుని తగ్గించే ఏర్పాటు దానిలో ఉంటుంది. తంబూరా, హార్మోనియం శ్రుతి దానికి ఫ్యాను చప్పుడుతో సమానం. పెద్ద శబ్దం రాగానే మొత్తం స్థాయిని తనంతట తాను దించేస్తుంది. అందుకే డప్పు మీద సిర్ర పడగానే పాడే మనిషి గొంతు పాతాళంలోకి జారి మళ్లీ మెల్లగా పైకి వస్తుంది. పాడిన మనిషిలో లోపమేమీ లేదు. కొన్ని రికార్డింగు యాప్‌లలో ఈ ఏర్పాట్లను ఆపుకునే వీలు ఉంటుంది.

నిలబడే చోటు కూడా ముఖ్యం. వలయానికి బయట ఫోను పట్టుకుంటే పాట ఎత్తుకున్న ఆమె ఒకసారి దగ్గరికి వస్తుంది, ఒకసారి దూరమవుతుంది. ‘ఉయ్యాలో’ అనే వంత ఎప్పుడూ పెద్దగా, కథ చెప్పే చరణం ఎప్పుడూ చిన్నగా పడుతుంది. నడుమ, బతుకమ్మల పక్కన పెడితే అందరూ సమాన దూరంలో ఉంటారు. డప్పుకు ఇంకొకటి: నెగడు దగ్గర కాచాక తోలు బిగిసి పలుకు పైన ఉంటుంది, చల్లారేకొద్దీ దిగుతుంది. ఏ క్షణంలో పట్టారో రాసిపెట్టుకోకపోతే రెండు రికార్డులను పోల్చి ఏమీ తేల్చలేరు. చిన్న సైజు ఎంపీ3గా కుదిస్తే డప్పు దెబ్బకు ముందే ఒక మసక చప్పుడు వచ్చి చేరుతుంది. పదునైన దెబ్బలను దాచడంలో ఆ పద్ధతి మొదటి నుంచీ బలహీనమే.

అటకెక్కిన క్యాసెట్లు

ఎందరి ఇళ్లలోనో తాత పాడిన భజన, అమ్మమ్మ పాడిన బతుకమ్మ క్యాసెట్టుల్లో మగ్గుతున్నాయి. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు చెడుతుంది. మన వానాకాలం దానికి బద్ధశత్రువు. తెల్లని బూజు కనిపిస్తే ఆడించవద్దు. తెలిసినవారితో శుభ్రం చేయించాలి. బాగున్నదాన్ని కూడా ముందు ఒకసారి చివరి దాకా తిప్పి మళ్లీ వెనక్కి చుట్టాలి, ఏళ్ల తరబడి అంటుకున్న పొరలు విడిపోతాయి. లోపల టేపును హెడ్‌కు (టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి) అదిమే చిన్న మెత్త ఊడిపోయిందేమో చూడాలి. హెడ్‌ను స్పిరిట్‌తో తుడవాలి.

అసలు కిటుకు హెడ్ పక్కనున్న చిన్న స్క్రూలో ఉంది. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక వాలులో, మీ యంత్రం హెడ్ మరో వాలులో ఉంటే తాళాల గలగల, గొంతులోని సకారాలు మూగబోతాయి. టేపు ఆడుతుండగా ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ శబ్దం బాగా తేటపడిన చోట ఆపితే, పోయిందనుకున్న సగం సంగీతం తిరిగి వస్తుంది. చాలామంది ఈ పని చేయకుండా కంప్యూటరులో ‘శుద్ధి’ చేయబోతారు. పోయినదాన్ని కంప్యూటరు తేలేదు, ఊహించి అతికిస్తుంది.

వేగం తప్పిందేమో తెలుసుకోవడానికి ఒక తమాషా దారి ఉంది. కరెంటు మీద నడిచిన యంత్రంతో రికార్డు చేసి ఉంటే టేపులో సన్నని గుయ్యిమనే శబ్దం ఉంటుంది, సెకనుకు 50 కంపనాలు. కంప్యూటరులో చూస్తే అది 52 దగ్గర కనిపిస్తే టేపు నూటికి నాలుగు వంతులు ఎక్కువ వేగంతో తిరుగుతోందని అర్థం. అప్పట్లో మన కరెంటు కూడా 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, కాబట్టి ఇది రమారమి లెక్కే. అయినా చెవి మీద వదిలేయడం కంటే నయం.

టేపు నుంచి కంప్యూటరుకు తీగతోనే కలపాలి, స్పీకరు ముందు ఫోను పెట్టకూడదు. ఎంపీ3లా కుదించని 24 బిట్ వేవ్ ఫైలుగా దాచాలి. ఆ ఫైలును ఏమీ చేయకూడదు. గరగర తీయడం, గుడిలో పాడినట్లు ప్రతిధ్వని కలపడం వంటి సరదాలన్నీ దాని నకలు మీద. ఈ ప్రతిధ్వని జబ్బు మీద నాకు ప్రత్యేకంగా కోపం ఉంది; ఇంటి అరుగు మీద పాడిన ఆడవాళ్ల గొంతులను సొరంగంలోకి తోసే ఆ ముచ్చట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఒక ప్రతి ఇంట్లో, మరో ప్రతి వేరే ఊళ్లో ఉంచితే మంచిది. ఇంటికి పనికిరాదనిపించినవి కూడా పారేయకుండా అడగదగిన చోట్లున్నాయి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. ఇలాంటి రికార్డుల కోసమే 1982లో మొదలైన జానపద, శాస్త్రీయ సంగీత భాండాగారం గురుగ్రామ్‌లో ఉంది.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ‘అమ్మమ్మ పాట 1’ అని వదలకుండా ఆ నాలుగు తేదీలూ రాయాలి. మాట ఎవరిది, బాణీ ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరు ఏ ఊళ్లో ఏ సందర్భంలో పాడారు, టేపు నుంచి ఎప్పుడు ఎవరు ఏ యంత్రంతో ఎక్కించారు. తెలియని గడి ఖాళీగా ఉంచితే నష్టం లేదు. ‘అతి ప్రాచీనం’ అని నింపితే తరువాత వచ్చేవారు దాన్నే నమ్ముతారు.

హక్కుల మాట కూడా ఉంది. మన చట్టం ప్రకారం శబ్ద రికార్డు మీద హక్కు అది వెలువడిన తరువాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు, దాన్ని తయారుచేసినవారిది. పాడినవారికి ప్రదర్శకులుగా వేరే హక్కు ఉంది. జానపద గీతంలో మాట ఎవరిదీ కాదు గనక ఎవరైనా తీసుకుని ఆన్‌లైన్‌లో పెట్టేయవచ్చని అనుకోవడం పొరపాటు. మాట అందరిదీ కావచ్చు, ఆ గొంతు మాత్రం ఒకరిది. పాత క్యాసెట్ల అట్టల మీద కంపెనీ పేరు పెద్దగా, పాడినవారి పేరు ‘మరియు బృందం’లో కలిసిపోయి ఉండేది. ఇప్పుడు ఎక్కించేవారు కనీసం ఆ పేర్లు కనుక్కుని రాయవచ్చు. కులపురాణాలు చెప్పే కళాకారులు కొన్ని ఘట్టాలను దేవుడి ఎదుట, ఆ పండుగ నాడు తప్ప పాడరు. అలాంటిది మన దగ్గర రికార్డు అయి ఉంటే, దాన్ని బయటపెట్టాలా వద్దా అన్నది ముందు వాళ్లనే అడగాలి.